పేర్లలో నిలిచిన చరిత్ర: ఫోలిక్ ఆమ్లం – ఒక పరిశీలన

ప్రవేశిక

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే ఎర్రని మాత్రను తెలుగువారు ‘ఐరన్ మాత్ర’ అంటారు. ‘రక్తం పట్టే బిళ్ళ’ అని, ‘బలం బిళ్ళ’ అని కూడా అంటారు. ఆ మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఈ వాడుక పేర్లలో ఏదీ దాని ఉనికిని తెలియజేయదు. అదే పదార్థం మందుల దుకాణాల్లో అమ్మే పోషక పూరకాల మీద, బలవర్ధకంగా తయారుచేసిన పిండి సంచుల మీద, పాల పొడి డబ్బాల మీద తన సొంత పేరుతోనే కనిపిస్తుంది. ఒకచోట పేరు లేకుండానూ, మరొకచోట పేరుతోనూ వ్యవహారంలో ఉన్న ఈ పదార్థానికి 1931 నుండి 1946 వరకు, కేవలం 15 ఏళ్ళ వ్యవధిలో, అరడజనుకు పైగా పేర్లు వచ్చాయి. వాటిలో చాలావరకు మరుగునపడి, ఒక్కటి స్థిరపడింది.

పోషక పూరకాల నేటి ప్రపంచంలో మొక్కల సారాలు, విటమిన్లు, ఖనిజాలు ఒకే అరలో ఉంటాయి. అమెరికాలో 1994లో వచ్చిన చట్టం వీటన్నిటినీ ఒకే వర్గంగా నిర్వచించింది. భారతదేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 22వ సెక్షన్ కూడా మొక్కల సారాలను, విటమిన్లను, ఖనిజాలను పక్కపక్కనే పేర్కొంటుంది. చట్టం ఒకచోట చేర్చిన ఈ పదార్థాల చరిత్రలు మాత్రం వేరు వేరు. మొక్క సారంగా పేరు పొంది, కర్మాగారంలో తయారయ్యే విటమినుగా స్థిరపడిన ఫోలిక్ ఆమ్లంలో ఆ రెండు చరిత్రలూ కలుస్తాయి.

ఒక పదార్థానికి వచ్చిన పేర్లను వరుసగా పరిశీలిస్తే, ఆ పదార్థాన్ని ఎవరు ఎక్కడ ఎవరి శరీరాల ద్వారా గుర్తించారో తెలుస్తుంది. నిలిచిన పేరు ఏ విషయాన్ని ముందుకు తెచ్చిందో, పోయిన పేర్లు ఏ విషయాన్ని వెంట తీసుకుపోయాయో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం ఫోలిక్ ఆమ్లాన్ని ఆ దృష్టితో పరిశీలిస్తుంది. నిలిచిన పేరు ఆకును స్మరించి, ఆ పదార్థం ఉనికికి తొలి సాక్ష్యమిచ్చిన భారతీయ పేద స్త్రీలను విస్మరించిందనీ, తెలుగు వాడుక పేరు ఇనుమును, రక్తాన్ని స్మరించి, గర్భస్థ శిశువు వెన్నెముకకు సంబంధించిన పనిని మరుగుపరచిందనీ నిరూపించడం దీని ఉద్దేశం. ఈ చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావు స్థానాన్ని కచ్చితంగా నిర్ణయించడం ఇందులో భాగం.

1. బొంబాయి స్త్రీలు: విల్స్ ఫ్యాక్టర్

ఈ కథ ఆకుతో గాక రోగులతో మొదలవుతుంది. 1926లో బోస్టన్‌లో జార్జ్ మైనట్, విలియం మర్ఫీ అనే వైద్యులు, అప్పటిదాకా మరణమే ముగింపుగా ఉండిన ఒక రకం రక్తహీనత కాలేయాన్ని ఆహారంగా తినిపిస్తే తగ్గుతుందని ప్రకటించారు. కాలేయంలో రక్తాన్ని వృద్ధిచేసే ఒక అంశం ఉన్నదని దీనివల్ల స్పష్టమైంది. ఆ అంశం ఒకటేనా, అంతకంటే ఎక్కువా అన్నది ఎవరికీ తెలియదు.

1928లో ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ భారతదేశానికి వచ్చారు. గర్భిణీ స్త్రీలలో కనిపిస్తున్న తీవ్రమైన రక్తహీనతకు కారణం తెలుసుకోవడం ఆమెకు అప్పగించిన పని. బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆమె కార్యస్థానం. ఆ రోగుల రక్తకణాలు సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో పెద్దవిగా ఉండేవి. ఇనుము లోపించినప్పుడు రక్తకణాలు చిన్నవవుతాయి గనుక, ఇది ఇనుము కొరత వల్ల కలిగే మామూలు రక్తహీనత కాదని తేలింది. నూలు మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలోనూ, పరదా పాటించే పేద ముస్లిం స్త్రీలలోనూ ఈ వ్యాధి కనిపించింది. విల్స్ తన భారతీయ సహరచయితలైన మెహతా, తల్పడేలతో కలిసి 1930లో వ్యాసాలు ప్రచురించారు. తల్పడేతో కలిసి రాసిన వ్యాసం బొంబాయి స్త్రీల ఆహారాన్ని, జీవన పరిస్థితులను సర్వే చేసింది. కారణం సూక్ష్మజీవిలో గాక భోజనపు పళ్ళెంలో ఉండవచ్చునన్న ఆలోచన బలపడినది ఈ దశలోనే.

విల్స్ 1929లో కొంతకాలం నీలగిరుల్లోని కూనూరుకు వెళ్ళి, రాబర్ట్ మెకారిసన్ పోషణ పరిశోధనలు సాగిస్తున్న పాశ్చర్ సంస్థలో పనిచేశారు. ఎలుకలకు, ఆ తరువాతి దశలో కోతులకు, బొంబాయి పేదల భోజనాన్ని పోలిన ఆహారం పెట్టి పరీక్షించారు. శుద్ధి చేసిన ఇతర విటమిన్లతో గుణం కనిపించలేదు. మార్మైట్ అనే ఈస్ట్ సారంతో గుణం కనిపించింది. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్ నుండి ఇంగ్లండులో 1902 నుండి తయారవుతున్న చవకైన పదార్థం అది. శిలీంధ్రాలను కూడా మొక్కలలోనే లెక్కించిన ఆనాటి వర్గీకరణ ప్రకారం అది ఒక మొక్క సారమే. ఈ సారంతో గర్భిణీ స్త్రీలు కోలుకున్న వివరాలను విల్స్ 1931 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 1937లో క్లటర్‌బక్, ఈవాన్స్‌లతో కలిసి మరొక ముఖ్య విషయం నిరూపించారు. శుద్ధి చేయని కాలేయ సారం ఈ వ్యాధిని తగ్గిస్తుంది. మైనట్, మర్ఫీలు వర్ణించిన వ్యాధికి పనిచేసే శుద్ధమైన సారం దీనికి పనిచేయదు. అంటే, కాలేయంలో రక్తానికి మేలుచేసే అంశాలు కనీసం రెండు ఉన్నాయి.

రెండవదైన ఈ అంశానికి ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పేరు వచ్చింది. పరిశోధకురాలిని స్మరించిన పేరు ఇది. తమ రక్తంతో ఆ అంశం ఉనికిని బయటపెట్టిన స్త్రీల పేర్లు వైద్య పత్రాలలో లేవు. ఆనాటి వైద్య రచనా పద్ధతిలో రోగికి పేరుండదు. అయినా ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్న పేరు వినబడినంత కాలం బొంబాయి ప్రసూతి వార్డు జ్ఞప్తికి వచ్చే అవకాశమైనా ఉండేది.

2. కోతి, కోడిపిల్ల, సూక్ష్మజీవి: ప్రయోగశాల పేర్లు

1930ల చివరి నుండి అమెరికాలోని వేర్వేరు ప్రయోగశాలలు, ఒకదానితో మరొకటి సంబంధం లేకుండా, ఇదే పదార్థాన్ని సమీపించాయి. తమ చేతిలో ఉన్నది ఒకే పదార్థమని వారికి అప్పుడు తెలియదు. ప్రతి బృందం తాను పరీక్షించిన ప్రాణిని బట్టి పేరు పెట్టింది. ఆర్కన్సాలో పాల్ డే బృందం కోతులలో రక్తహీనతను నివారించిన అంశానికి 1938లో ‘విటమిన్ ఎమ్’ అని పేరు పెట్టింది. ఆంగ్లంలో కోతిని సూచించే పదానికి అది తొలి అక్షరం. మిస్సోరిలో హోగన్, పారట్ అనే పరిశోధకులు కోడిపిల్లల రక్తహీనతను నివారించే అంశాన్ని ‘విటమిన్ బి-సి’ అన్నారు. ఇందులోని ‘సి’ కోడిపిల్లకు సంకేతం. విస్కాన్సిన్‌లో స్నెల్, పీటర్సన్‌లు 1940లో ఒక బాక్టీరియా పెరుగుదలకు అవసరమైన అంశాన్ని వర్ణించారు. ఆ బాక్టీరియా పేరు మీదుగా అది ‘ఎల్. కేసై ఫ్యాక్టర్’ అయింది.

ఈ దశలో పేరుకు ఆధారం మారిందన్నది గమనార్హం. రోగి నుండి జంతువుకు, జంతువు నుండి సూక్ష్మజీవికి పరీక్షా వేదిక జరిగింది. దీనికి బలమైన కారణమే ఉంది. ఒక స్త్రీ కోలుకోవడానికి వారాలు పడుతుంది. పరీక్షనాళికలోని బాక్టీరియా పెరిగిందో లేదో ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. పదార్థాన్ని వేరుచేసే ప్రతి మెట్టులోనూ అది ఏ భాగంలో మిగిలిందో చూసుకోవడానికి ఈ వేగం అవసరం. సూక్ష్మజీవి పరీక్ష లేకపోతే తరువాతి కథ ఇంత త్వరగా నడిచేది కాదు. అయితే ఆ వేగానికి తగినట్లుగానే ఈ అన్వేషణ పుట్టుక స్థలమైన ప్రసూతి వార్డు పేర్ల జాబితా నుండి జారిపోయింది.

3. పాలకూర: నిలిచిన పేరు

1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో హెర్షెల్ మిచెల్, ఎస్మండ్ స్నెల్, రోజర్ విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూరను శుద్ధిచేసి, ఒక బాక్టీరియా పెరుగుదలకు తోడ్పడే ఆమ్లాన్ని అతి స్వల్ప పరిమాణంలో సాంద్రీకరించారు. ఆకు అనే అర్థం గల ‘ఫోలియం’ అన్న లాటిన్ పదం నుండి వారు దానికి ‘ఫోలిక్ ఆమ్లం’ అని పేరు పెట్టారు. తాళపత్ర ప్రతుల వివరణల్లో ఆకును సూచించడానికి వాడే ‘ఫోలియో’ కూడా ఈ పదం నుండి వచ్చినదే. తెలుగులో ‘ఆకు’ కూరకూ, గ్రంథానికీ చెందినట్లే, లాటిన్‌లో ‘ఫోలియం’ చెట్టుకూ, పుస్తకానికీ చెందింది.

ఈ పదార్థం ఆకుల్లోనే గాక కాలేయంలోనూ, మూత్రపిండాల్లోనూ, ఈస్ట్‌లోనూ ఉన్నదని పేరు పెట్టినవారికి తెలుసు. ఆకుపచ్చని ఆకుల్లో విస్తారంగా ఉండటం వల్ల, వారు పనిచేసిన ముడిసరుకు ఆకే కావడం వల్ల ఆ పేరు ఎంచుకున్నారు. ఆ పేరే స్థిరపడింది. ‘విటమిన్ ఎమ్’, ‘విటమిన్ బి-సి’ వంటి పేర్లు అక్షరాలకే పరిమితమైనవి. ఆకు పేరు అలా కాదు. అది ఒక దృశ్యాన్ని మోసుకొస్తుంది. పోషక పూరకాల వ్యాపారం ప్రకృతి సహజమన్న భావనను ప్రధాన ఆకర్షణగా చేసుకున్న తరువాతి కాలానికి ఈ పేరు ఎంతో అనుకూలించింది.

తెలుగులో ఈ పదం ‘ఫోలిక్ ఆమ్లం’గా సగం లాటిన్, సగం సంస్కృతంగా స్థిరపడింది. పాఠ్యపుస్తక పరిభాష రెండవ భాగాన్ని అనువదించి, మొదటి భాగాన్ని అలాగే ఉంచింది. అందువల్ల తెలుగు పాఠకునికి ‘ఆమ్లం’ అర్థమవుతుంది. అందులోని ‘ఆకు’ కనిపించదు. ‘ఆకుకూర’ అన్నది నిత్యవ్యవహార పదమైన భాషలో, ఆకు పేరు మీద ఏర్పడిన శాస్త్రపదం అర్థం తెలియని ధ్వనిగా మిగలడం పరిభాషా నిర్మాణ చరిత్రలో ఆలోచించదగిన అంశం.

4. పెర్ల్ రివర్: సంశ్లేషణ, సుబ్బారావు స్థానం

నాలుగు టన్నుల ఆకు నుండి అణుమాత్రం లభించే పదార్థం మందుగా పనికిరాదు. ప్రజలకు అందాలంటే దాని నిర్మాణం తెలియాలి, ప్రయోగశాలలో దాన్ని తయారు చేయగలగాలి. ఈ పని న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో జరిగింది. ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవారు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అటుపై మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. 1921లో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో మరణించారు. పేగులు ఆహారాన్ని గ్రహించలేని ఈ వ్యాధి లక్షణాలు ఆయుర్వేదం చెప్పిన గ్రహణికి దగ్గరగా ఉంటాయి. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకగా, లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. 1923లో మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోనూ బోస్టన్ చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. వారి పరిశోధనలు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుర్తింపునకు దారితీశాయి. 1940లో ఆయన లెడర్లీలో చేరారు.

లెడర్లీ బృందంలోని స్టాక్‌స్టాడ్ 1943లో కాలేయం నుండి ‘ఎల్. కేసై ఫ్యాక్టర్’ను స్ఫటిక రూపంలో వేరుచేశారు. అదే కాలంలో పార్క్ డేవిస్ సంస్థ పరిశోధకులు కూడా కాలేయం నుండి ‘విటమిన్ బి-సి’ని స్ఫటికంగా రాబట్టారు. 1945లో లెడర్లీ బృందం కాలేయం నుండి లభించిన పదార్థంతో సర్వవిధాలా సమానమైన పదార్థాన్ని సంశ్లేషించినట్లు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. 1946లో దాని నిర్మాణాన్ని వెల్లడించింది. ఈ ప్రకటనపై 16 మంది పేర్లు ఉన్నాయి. ఆ జాబితా మధ్యలో సుబ్బారావు పేరు ఒకటి.

ఫోలిక్ ఆమ్లాన్ని కనుగొన్నవారు సుబ్బారావే అనే వాక్యం తెలుగు పత్రికా రచనల్లోనూ, బాలసాహిత్యంలోనూ తరచుగా కనిపిస్తుంది. పై కాలక్రమం ముందుంచుకొని చూస్తే ఆ వాక్యాన్ని సవరించుకోవలసి ఉంటుంది. ఆ పదార్థం ఉనికికి తొలి సాక్ష్యం 1931 నాటిది. పేరు 1941 నాటిది. స్ఫటిక రూపం 1943 నాటిది. సంశ్లేషణ 1945 నాటిది. సుబ్బారావు ఘనత చివరి రెండు మెట్లకు సంబంధించినది. అది తక్కువ ఘనత కాదు. రసాయన శాస్త్రజ్ఞులను, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను, వైద్యులను ఒకే లక్ష్యం వైపు నడిపించి, ప్రయోగశాలలో మిల్లీగ్రాములకే పరిమితమైన పదార్థాన్ని ప్రపంచమంతటికీ చాలినంతగా తయారుచేసే దారి వేయడం ఆ నాయకత్వ ఫలితం. ఈ పనిని ‘కనుగొనడం’ అనే ఒక్క క్రియలో ఇమిడిస్తే విల్స్ పని కనుమరుగవుతుంది; సుబ్బారావు అసలు ప్రతిభ ఏ రంగంలో వికసించిందో కూడా తెలియకుండా పోతుంది.

1945 తరువాత టామ్ స్పైస్ తదితర వైద్యులు స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి మంచి ఫలితాలు సాధించారు. సోదరులను బలిగొన్న వ్యాధికి, సుబ్బారావు బృందం తయారుచేసిన మందు పనిచేసిందన్న అన్వయం జీవితచరిత్ర రచయితలను ఆకర్షించడం సహజం. సోదరుల మరణం ఆయన జీవితంపై ముద్ర వేసిందనడంలో సందేహం లేదు. కాని ఆయన అనేక సంవత్సరాలు వెదకినది మైనట్, మర్ఫీలు సూచించిన కాలేయపు అంశం కోసం. ఆ అన్వేషణ మార్గంలో ఎదురైనది ఫోలిక్ ఆమ్లం. ఒక లక్ష్యంతో బయలుదేరి మరొక ఫలితం చేరడం విజ్ఞానశాస్త్ర చరిత్రలో సాధారణం. దాన్ని విధి నిర్ణయంగా చిత్రిస్తే కథకు బిగువు వస్తుంది గాని చరిత్రకు స్పష్టత తగ్గుతుంది.

5. ఆకులో లేని ఆకు ఆమ్లం

నిర్మాణం తెలిసిన తరువాత ఈ పదార్థానికి ‘టెరాయిల్ గ్లుటమిక్ ఆమ్లం’ అనే రసాయన నామం వచ్చింది. గ్రీకులో ‘టెరాన్’ అంటే రెక్క. 19వ శతాబ్ది చివర ఫ్రెడరిక్ గౌలండ్ హాప్‌కిన్స్ సీతాకోకచిలుకల రెక్కల్లోని వర్ణకాలను పరిశీలించారు. ఆ కోవకు చెందిన రసాయనాలకు రెక్క పేరు మీద పేర్లు వచ్చాయి. గ్లుటమిక్ ఆమ్లం 1866లో గోధుమలోని గ్లూటెన్ నుండి పేరు పొందినది. ఈ రెంటినీ కలిపే మధ్య భాగం పేరులోని ‘బెంజోయిక్’ అన్న మాట సాంబ్రాణి కోవకు చెందిన బంకకు సంబంధించినది. ఈ విధంగా రసాయన నామం రెక్కను, గోధుమను, ధూపద్రవ్యాన్ని ఒకచోట చేర్చింది. అందులో ఆకు లేదు.

వాస్తవానికి పూరకాల్లో వాడే ఫోలిక్ ఆమ్లం అదే రూపంలో ఆకుల్లో దాదాపుగా ఉండదు. ఆకుల్లో ఉండేవి ఫోలేట్లు. అవి ఒకటి కంటే ఎక్కువ గ్లుటమిక్ ఆమ్ల భాగాలతో, రసాయనికంగా సులభంగా విచ్ఛిన్నమయ్యే స్థితిలో ఉంటాయి. నీటిలో కరిగిపోతాయి, వేడికి నశిస్తాయి. మాత్రలోని ఫోలిక్ ఆమ్లం నిలకడ గలది. శరీరం దానిని మరింత సులభంగా గ్రహిస్తుంది. అందుకే పోషణ శాస్త్రం ఆహారంతో పాటు తీసుకున్న 1 మైక్రోగ్రాము ఫోలిక్ ఆమ్లాన్ని ఆహారంలోని 1.7 మైక్రోగ్రాముల ఫోలేట్‌కు సమానంగా లెక్కిస్తుంది. ఆకు పేరు పెట్టుకున్న పదార్థం కర్మాగారంలో తయారవుతుంది. ఆకులో ఉన్న పదార్థం వంటింట్లోనే చాలావరకు నశించిపోగలదు.

వంట పద్ధతిని బట్టి ఈ నష్టం మారుతుంది. ఆకుకూరను ఉడికించి నీరు వార్చేస్తే ఫోలేట్లలో కొంత భాగం ఆ నీటితోనే పోతుంది. తెలుగువారి ఆకుకూర పప్పులో నీరు వార్చే పని లేదు; పైగా పెసలు, శనగలు, కంది వంటి పప్పుధాన్యాలు స్వయంగా ఫోలేట్లు గలవి. ఆకు పేరు నిలవడం వల్ల పప్పుధాన్యాల పాత్ర ప్రజాబోధలో వెనుకబడింది. పేరు చూపించిన వైపే చూపు సాగుతుందనడానికి ఇదొక చిన్న ఉదాహరణ.

ఒక్క ‘రక్తహీనత’ అనే పేరుతో వేర్వేరు వ్యాధులను కలిపి చూడటంలోని ప్రమాదం కూడా ఈ దశలోనే బయటపడింది. మైనట్, మర్ఫీల రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం మెరుగుపడింది గాని నరాల క్షీణత ఆగలేదు. 1948లో విటమిన్ బి12ను వేరుచేసిన తరువాత ఆ రెండవ అంశం ఏదో తేలింది. రెండు అంశాలున్నాయన్న విల్స్ నిర్ణయానికి ఇది సంపూర్ణ సమర్థన. అదే సంవత్సరం సిడ్నీ ఫార్బర్, లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా తయారుచేసిన అమైనాప్టెరిన్‌ను రక్తకాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికమైన మెరుగుదల కనబడినట్లు ప్రకటించారు. రక్తకణాల వృద్ధికి తోడ్పడే పదార్థాన్ని అడ్డుకుంటే కాన్సర్ కణాల వృద్ధినీ అడ్డుకోవచ్చునన్న ఆలోచన ఆ విధంగా చికిత్సారూపం పొందింది. 1948 ఆగస్టులో సుబ్బారావు 53వ ఏట కన్నుమూశారు.

6. తెలుగు నేలపై మాత్ర: వాడుక పేరు, దాని ఫలితం

విల్స్ పనిచేసిన కూనూరుకూ, తెలుగు ప్రాంతానికీ ఒక సంస్థాగత సంబంధం ఉంది. మెకారిసన్ 1918లో అక్కడ చిన్న స్థాయిలో ప్రారంభించిన పరిశోధనా విభాగం క్రమంగా పోషణ పరిశోధనశాలగా ఎదిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధం.

1970లో కేంద్ర ప్రభుత్వం పోషకాహార లోపం వల్ల కలిగే రక్తహీనత నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు పంచడం అందులో ప్రధానాంశం. బొంబాయి గర్భిణుల రక్తంతో మొదలైన అన్వేషణ నాలుగు దశాబ్దాల తరువాత మాత్ర రూపంలో అదే దేశపు గర్భిణులను చేరింది. 2018లో ప్రారంభమైన ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమం ప్రకారం గర్భిణులకు రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల ఎర్ర మాత్ర 180 రోజులు ఇవ్వాలి. కౌమారంలో ఉన్నవారికి నీలం మాత్రలు, చిన్న పిల్లలకు గులాబీ మాత్రలు నిర్దేశించారు.

ఊళ్ళలో ఈ మాత్రలకు స్థిరపడిన పేర్లు ఇనుమును, రక్తాన్ని, బలాన్ని సూచిస్తాయి. వాడుక దృష్ట్యా ఈ పేర్లు సార్థకమైనవే. రక్తం తక్కువగా ఉన్నదని చెప్పినప్పుడు ఇచ్చే మందు గనుక ‘రక్తం పట్టే బిళ్ళ’ అయింది. పేరులో ప్రయోజనం చెప్పడం ప్రజల నామకరణంలో సహజ లక్షణం. చిక్కు మరొకచోట ఉంది.

ఫోలిక్ ఆమ్లానికి రక్తంతో సంబంధం లేని మరొక పని ఉంది. శిశువు మెదడు, వెన్నుపాము రూపొందే నాడీనాళం సరిగా మూసుకోకపోవడానికి ఫోలేట్ లోపంతో సంబంధం ఉండవచ్చునని హిబ్బర్డ్, స్మిథెల్స్ 1965లో సూచించారు. 1991లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో 7 దేశాల్లో జరిగిన అధ్యయనం దీన్ని ధ్రువపరచింది. అంతకుముందు ఇటువంటి లోపంతో బిడ్డను కన్న తల్లులు గర్భధారణకు ముందు నుండే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, ఆ లోపం పునరావృతం కావడం 72 శాతం తగ్గింది. అమెరికా 1998 నుండి ధాన్యపు పిండిలో ఫోలిక్ ఆమ్లాన్ని కలపడం తప్పనిసరి చేసింది.

నాడీనాళం గర్భధారణ జరిగిన సుమారు 28 రోజులలోపే మూసుకుంటుంది. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి అప్పటికి తెలియదు. తెలిసినా ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదై ఉండదు. ఎర్ర మాత్ర చేతికి వచ్చే నాటికి ఈ ఒక్క పని విషయంలో సమయం దాటిపోయి ఉంటుంది. అందుకే ప్రభుత్వ మార్గదర్శకాలు గర్భం ధరించాలనుకునే స్త్రీలు ముందు నుండే, మొదటి మూడు నెలల వరకు, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వేరుగా చెబుతున్నాయి. కాని ‘రక్తం పట్టే బిళ్ళ’ అన్న పేరు వినే స్త్రీకి, రక్తం బాగానే ఉన్నదని పరీక్షలో తేలితే, ఆ బిళ్ళతో పనిలేదనిపించడం సహజం. పేరు చెప్పే ప్రయోజనం ఒకటి, పదార్థం చేసే పనులు రెండు. రెండవ పనికి తెలుగు వాడుకలో ఇంకా పేరు పుట్టలేదు.

ముగింపు

ఒకే పదార్థానికి వచ్చిన పేర్లు దాని చరిత్రను మెట్లు మెట్లుగా నమోదు చేశాయి. ‘విల్స్ ఫ్యాక్టర్’ పరిశోధకురాలిని, ఆమె ద్వారా బొంబాయి ప్రసూతి వార్డును స్మరించింది. ‘విటమిన్ ఎమ్’, ‘విటమిన్ బి-సి’, ‘ఎల్. కేసై ఫ్యాక్టర్’ పరీక్షకు గురైన ప్రాణులను స్మరించాయి. ‘ఫోలిక్ ఆమ్లం’ ముడిసరుకును, ‘టెరాయిల్ గ్లుటమిక్ ఆమ్లం’ రసాయన నిర్మాణాన్ని, ‘ఐరన్ మాత్ర’ సహచర ఖనిజాన్ని, ‘రక్తం పట్టే బిళ్ళ’ ప్రయోజనాన్ని చెప్పాయి. వీటిలో ఏ ఒక్కటీ అసత్యం కాదు. ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. ఆకు పేరు నిలవడం వల్ల, ప్రకృతి నుండి నేరుగా అందిన సారంగా కనిపించే ఈ పదార్థం వెనుక పేద స్త్రీల అనారోగ్యం, జంతువుల మీద ప్రయోగాలు, అనేకుల ఉమ్మడి శ్రమ ఉన్నాయన్న సంగతి మరుగునపడింది. ఒక్క శాస్త్రజ్ఞుని పేరుతో చరిత్రను ముగించే తెలుగు జీవితచరిత్ర ధోరణి కూడా మరొక మార్గంలో అదే ఫలితానికి దారితీసింది.

ఈ పరిశీలన నుండి తెలుగు పరిశోధకులకు రెండు పనులు ఏర్పడుతున్నాయి. శాస్త్రజ్ఞుల జీవితచరిత్రల్లో ‘కనుగొన్నారు’ అనే క్రియను వాడిన ప్రతిచోట, గుర్తించడం, పేరు పెట్టడం, వేరుచేయడం, సంశ్లేషించడం అనే వేర్వేరు పనులను విడదీసి చూపడం మొదటిది. అది సుబ్బారావు గౌరవాన్ని తగ్గించదు. ఆధారం మీద నిలబెడుతుంది. మందులకు, పోషకాలకు ప్రజలు పెట్టుకున్న పేర్లను మాండలికాల వారీగా సేకరించి, ఆ పేర్లు ఏ ప్రయోజనాన్ని చెబుతున్నాయో, దేన్ని చెప్పలేకపోతున్నాయో విశ్లేషించడం రెండవది. వృత్తిపదాల సేకరణలో గణనీయమైన కృషి జరిగిన తెలుగు భాషాశాస్త్రానికి ఈ రంగం కొత్తది కాదు. ఆ సేకరణ ఉంటే, గర్భం దాల్చబోయే స్త్రీకి ఆ మాత్ర ఎందుకు అవసరమో ఆమె భాషలోనే, ఆమెకు అర్థమయ్యే పేరుతో చెప్పడానికి వీలవుతుంది.